రెండో అర, ఎడమ పక్క

ఇదిగో కుసుమా, తాళాలు.
పెద్దది లేబ్‌ది, చిన్నది బీరువాది,
వంకర తిరిగింది దేనిదో ముప్పై రెండేళ్ళయినా నాకూ తెలీదు.
పారెయ్యకు.

రెండో అర, ఎడమ పక్క, గోధుమరంగు సీసా.
పేరు చెరిగిపోతే నేనే రాశాను పెన్సిలుతో:
లెడ్ నైట్రేట్.
ఓసారి పైకెత్తి చూడు.
పంచదారనుకుని ఎత్తిన చెయ్యి ఉలిక్కిపడుద్ది.
ఇదే సీసా నిండా పంచదార పోసినా
ఇందులో సగం తూగదు.

తెలుగు మాస్టారొకాయన టీకి మన గదిలోకే వచ్చేవారు.
"సీసమంటే మాకు పద్యం, ధర్మారావూ,
మీకు విషమా?" అనేవారు.
నోటికి తియ్యగా తగిలేది రెండూనంట సార్ అన్నాను.
టీ పొలమారిందాయనకి.

నేను రుచి చూళ్ళేదు. నువ్వూ చూడకు.
ప్రాక్టికల్స్‌లో ఓ కుర్రాడు, ఏ ఉప్పిచ్చారో తేల్చుకోలేక,
చిటికెడు నాలిక మీదేసుకుని ఉమ్మి
"లెడ్డేనా అంకుల్?" అన్నాడు.
మార్కులన్నీ పడ్డాయి.
పెద్దాసుపత్రి దాకా సైకిలు మీద
తిడతానే తీసుకెళ్ళాను.

వేడి చేసేటప్పుడు మొహం దూరంగా పెట్టు.
మూకుట్లో ఆవాల్లా చిటపటలాడుద్ది.
పైకొచ్చే గోధుమరంగు పొగ పీలిస్తే
అప్పుడేం తెలీదు, రాత్రికి పట్టుకుంటుంది ఆయాసం.
అడుగున మిగిలేది వేడిగా ఉన్నంతసేపూ ఇటుక పొడి,
చల్లారితే పసుపు.
కాగితాలకీ గంధకానికీ ఆమడ దూరం ఉంచు,
నిప్పుని ఎగదోసే గుణం దీనిది.

దేనికి పనికొస్తుందంటే,
ఒకప్పుడు అగ్గిపుల్లలకి, గుడ్డల అద్దకానికి.
సఖినేటిపల్లి రేవులో పంటు కమ్మీలకి
ఎండకి వెలవని పసుపు ఉండేదే,
అలాంటి రంగులకి.

మా ఇంట్లో మాత్రం సీసమంటే వల.
నాన్న రేవులో కూచుని
నోట్లో నాలుగు గుళ్ళు పెట్టుకుని
ఒక్కోటీ పళ్ళతో నొక్కి వలంచుకి బిగించేవాడు.
పలకరిస్తే తలూపేవాడంతే.
చిగుళ్ళ మీద నీలం గీత.
పొగాకు మరకనుకున్నాం.
ఆఖర్న మణికట్లు వాలిపోయి వల విసరలేకపోయాడు.
ముసలితనమనుకున్నాం.
నలభై ఆరు.

దీన్ని నీళ్ళలో కలిపి
పొటాషియం అయొడైడు చుక్కలు వెయ్యి.
పసుపు విరిగి అడుక్కి పోద్ది.
మరగబెట్టు, మాయం. నీళ్ళు నీళ్ళే.
కదపకుండా చల్లారనియ్.
అప్పుడు దిగతాయి బంగారు రేకులు,
ఒకటీ, ఒకటీ, తిరగతా,
ఏడు గంటల ఎండకి వశిష్ఠ పొలుసులేసినట్టు.
క్లాసు క్లాసంతా నోరు మూస్తుంది.
ఏడాదిలో అదొక్కసారే.

మా దేవీమణికి నాలుగేళ్ళప్పుడు
ఒక గొట్టం జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాను.
దీపం ముందు ఊపి చూపించాను.
మర్నాడు పొద్దున్న గొట్టం ఖాళీ.
గౌను మీద, గోళ్ళ సందుల్లో, పెదాల పక్కన
మెరుపు.

ఏం కాలేదన్నారు డాక్టరు.
చూసే పరీక్ష అప్పట్లో ఇక్కడ లేదు.
పెరిగింది. కుట్టుమిషను మీద దానంత చెయ్యి తిరిగినోళ్ళు
మా పేటలో లేరు.
లెక్కలొక్కటే ఎక్కలేదు, పదో తరగతి రెండుసార్లు పోయింది.
మీకు మాత్రం వచ్చి చచ్చాయా, మీ వంశమే అంత
అంటుంది మా ఆవిడ.
అవునంటాను.

ఇక ఈ నీలం డ్రమ్ము.
కడిగిన నీళ్ళు సింకులో పోయకు, ఇందులోనే.
సింకు గొట్టం వెనక మురుగు కోడులో కలుస్తుంది,
కోడు రొయ్యల చెరువుల గట్టు నానుకుని పోద్ది,
ఆ పైన సముద్రం.
ఇరవయ్యేళ్ళు నేనే పారబోశాను, చెప్పినోళ్ళు లేక.
ఎవరొచ్చి పట్టుకెళ్తారంటావా?
ప్రిన్సిపాలు గారు మూడుసార్లు రాశారు పైవాళ్ళకి.
నాలుగోది నువ్వు రాయించు.

సరే, సంతకం పెట్టు. అయిందా.
ఇప్పుడు పోయి చేతులు కడుక్కో, సబ్బుతో.
సీసా ముట్టుకున్నానంతే కదండీ అంటావేంటి.
గోళ్ళ సందులు కూడా.